సాంచాల నడుమ నుంచి పైలట్ గ్రాంటుకు దరఖాస్తు

సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. జగిత్యాలలో అంతకు ముందు ఏడాది నవంబర్‌లోనే వచ్చింది. ఈ రెండు కాలేజీల్లో కొత్తగా చేరిన అధ్యాపకులతోనూ, చుట్టుపక్కల పీహెచ్‌సీల వైద్యాధికారులతోనూ పరిశోధన మాటెత్తితే చాలు, "ల్యాబు లేదు, పెద్ద గైడు లేడు, మాకెవరిస్తరు సార్ పైసలు?" అంటారు. కోట్లలో ఉండే గ్రాంటు విషయంలో ఆ సందేహానికి అర్థముంది. పైలట్ గ్రాంటు దగ్గర మాత్రం ఊరికి దగ్గరగా ఉన్నవాడిదే పైచేయి. మానేరు దాటి తంగళ్ళపల్లి మండలంలో ఓపీ చూస్తూ, ఒకే తీరు బాధతో వరసగా వచ్చే మనుషుల్ని చూసి "దీని మీద ఏదన్నా చేయాలె" అనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పైలట్ గ్రాంటు అంటే కొద్ది డబ్బుతో, ఏడాది ఏడాదిన్నరలో, ఒక పెద్ద అధ్యయనాన్ని ఈ చోట, ఈ మనుషులతో నడపడం సాధ్యమా అని తేల్చుకోవడానికి ఇచ్చే నిధి. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ 2006లో క్లినికల్, ట్రాన్స్‌లేషనల్ పరిశోధనకు ప్రత్యేక అవార్డులు మొదలుపెట్టాక, ఆ అవార్డు పొందిన విశ్వవిద్యాలయాలు తమ అధ్యాపకులకు ఇలాంటి చిన్న మొత్తాలు ఇస్తూ వస్తున్నాయి. మన జిల్లా కాలేజీలకు సొంత పరిశోధన నిధి ఉండటం అరుదు. బయట అడగాల్సిందే, అయితే అడిగే చోట్లు తక్కువేం కాదు.

మొదటిది భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్. దాని ఎక్స్‌ట్రామ్యూరల్ పథకంలో చిన్న గ్రాంట్లని ఒక తరగతి ఉంది. ఇటీవలి పిలుపుల్లో 2 కోట్ల రూపాయల దాకా, మూడేళ్ల లోపు పనికి ఇస్తున్నారు. పైలట్‌కు అంత మొత్తం అక్కర్లేదు, గరిష్ఠం 2 కోట్లు కదా అని మొత్తం అడగడం తొలిసారి దరఖాస్తు చేసేవాళ్లకు నష్టమే చేస్తుంది. దరఖాస్తును నాలుగు విభాగాల్లో ఒకదానికి పంపాలి: రోగభారాన్ని వర్ణించేది, కొత్త విషయాన్ని కనిపెట్టేది, కొత్త పరికరాన్నో మందునో తయారుచేసేది, తెలిసిన వైద్యాన్ని జనం దాకా చేర్చేది. జిల్లా స్థాయి డాక్టర్ల ఆలోచనలు ఎక్కువగా చివరిదానికి చెందుతాయి. తప్పు విభాగానికి పంపితే మంచి ప్రతిపాదన కూడా సరైన నిపుణుడి కంట పడదు. రెండోది కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం, డీహెచ్‌ఆర్. దానికి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఉమ్మడి పరిశోధన యూనిట్లు పెట్టే పథకం ఉంది. కొంత అనుభవం వచ్చాక చూడాల్సింది హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, వెల్కమ్ ట్రస్టు కలిసి నడిపే ఈ సంస్థ క్లినికల్, ప్రజారోగ్య పరిశోధకులకు ఫెలోషిప్పులిస్తుంది.

వీటన్నిటికంటే ముందు మెట్టొకటి ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఐసీఎంఆర్ 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు స్వల్పకాల స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. రెండు నెలల పని, 50 వేల రూపాయల స్టైపెండ్. మీ దగ్గర చురుకైన విద్యార్థి ఉంటే ఆమె చేత దరఖాస్తు పెట్టించి మీరు గైడుగా ఉండండి. ఆ రెండు నెలల్లో వచ్చిన అంకెలే తర్వాత మీ పైలట్ దరఖాస్తులో "ప్రాథమిక సమాచారం" అనే గడిని నింపుతాయి. ఆ గడి ఖాళీగా ఉన్న దరఖాస్తు మీద సమీక్షకుడికి నమ్మకం కుదరదు.

ఇక అసలు విషయం. తొలిసారి రాసేవాళ్లు దాదాపు అందరూ పైలట్‌తోనే ఏదో నిరూపిస్తామని రాస్తారు. "ఈ కార్యక్రమం వల్ల రక్తపోటు తగ్గుతుందని ఈ పైలట్‌లో రుజువు చేస్తాం" అన్న వాక్యం చూడగానే సమీక్షకుడు కలం పక్కన పెడతాడు. నలభై యాభై మందితో అది రుజువు కాదని ఆయనకు తెలుసు, రాసిన మీకు తెలియలేదని కూడా తెలిసిపోతుంది. పైలట్ జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు వేరే: పిలిస్తే ఎంతమంది వస్తారు? వచ్చినవాళ్లలో చివరిదాకా ఎంతమంది ఉంటారు? ఆశా కార్యకర్త ఆ పనిని తన మిగతా పనుల మధ్య చేయగలదా? పరీక్ష ఊళ్లో చేస్తే కొలత సరిగ్గా వస్తుందా? ఒక్కొక్కరికి ఎంత ఖర్చవుతుంది?

తెలుగు నేల మీదే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 30 గిరిజన గ్రామాల్లో మానసిక ఆరోగ్యం మీద ఒక పని చేశారు. కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లను ఆశా కార్యకర్తలు ట్యాబ్ సాయంతో గుర్తించి పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి పంపేవాళ్లు. ఏం చేయాలో డాక్టర్‌కు కూడా ట్యాబ్‌లోనే సూచనలుండేవి. సమస్య ఉన్నట్టు తేలినవాళ్లలో వైద్యం కోసం వెళ్లినవారు మొదట 0.8 శాతం, తర్వాత 12.6 శాతం. 2017లో ప్రచురించిన ఆ పనిలో పోల్చి చూడటానికి వేరే గ్రామాల గుంపు లేదు, పైలట్‌కు అది లోపమూ కాదు. ఆశా కార్యకర్తలు ఈ పని చేయగలరు, జనం తలుపు తీస్తారు, డాక్టర్ ట్యాబ్ వాడతాడు అని తేలింది. ఆ పునాది మీద తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో పీహెచ్‌సీలను లాటరీ పద్ధతిన రెండు గుంపులు చేసి పెద్ద ట్రయల్ నడిపారు. నేతన్నల ఆత్మహత్యలతో ఏళ్లకేళ్లు అల్లాడిన సిరిసిల్లలో మానసిక ఆరోగ్యం మీద దరఖాస్తు రాయాలనుకునేవాళ్లు ముందుగా చదవాల్సిన పేపర్ ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుని దగ్గరగా చూద్దాం. తంగళ్ళపల్లి మండలంలో బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు ఉంది, మానేరుకు ఇవతలా అవతలా ఇళ్ల మధ్యనే షెడ్లున్నాయి. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లకు వినికిడి తగ్గుతుందన్నది అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. ఇంట్లో టీవీ సౌండు పెంచుతారు, ఫోన్లో గట్టిగా అరుస్తారు. మన నిబంధనల ప్రకారం 8 గంటల పనికి 90 డెసిబెల్స్ మించిన చప్పుడు ఉండకూడదు, 12 గంటల షిఫ్టుకు ఆ పరిమితి ఇంకా తగ్గాలి. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు కాపాడతాయన్న సంగతి ఎప్పుడో తేలింది. తేలిన ఆ విషయం బద్దెనపల్లి షెడ్డు దాకా ఎందుకు రాలేదన్నదే ఇక్కడి పరిశోధన.

దీన్ని దరఖాస్తుగా మార్చబోతే వెంటనే ఒక చిక్కు. వినికిడి పరీక్షకు ముందు మనిషి కనీసం 14 గంటలు పెద్ద చప్పుడుకు దూరంగా ఉండాలన్నది అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియమం, పరిశోధకులు సాధారణంగా పాటించేదీ అదే. షెడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన మనిషికి తాత్కాలికంగా చెవులు మొద్దుబారి ఉంటాయి, ఆ స్థితిలో పరీక్షిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చెవుడు కనిపిస్తుంది. పగటి షిఫ్టు రాత్రి 8 గంటలకు దిగి మళ్లీ పొద్దున 8కి ఎక్కే కార్మికుడికి నడుమ దొరికేది 12 గంటలు. అంటే పరీక్ష 10 గంటలకు పెట్టాలి, ఆయన రెండు గంటల పని వదులుకోవాలి. కూలి పిక్కుల (నేసిన పేక పోగుల) లెక్కన వస్తుంది కాబట్టి ఆ రెండు గంటలకు పైసా రాదు. పోనీ ఇంటికెళ్లి నిశ్శబ్దంగా పడుకున్నాడా అంటే, గోడ అవతలే పక్కింటి సాంచాలు రాత్రి షిఫ్టు నడుస్తుంటాయి.

ఢిల్లీలో కూర్చున్న సమీక్షకుడికి ఈ చిక్కు తట్టదు. మీకు తట్టింది. దరఖాస్తులో మీ బలం ఇదే, దాచకుండా పూర్తిగా రాయండి. ఇప్పుడు పైలట్ ప్రశ్న దానంతటదే వస్తుంది: సాంచాల కార్మికుల్లో ఎంతమంది 14 గంటల నిశ్శబ్దం పాటించి, మేం చెప్పిన వేళకు పరీక్షకు రాగలరు? సెలవు రోజు పొద్దున పెడితే ఎక్కువమంది వస్తారా, లేక పోయిన కూలి కట్టిస్తే పనిరోజు వస్తారా? ప్లగ్గులు ఇస్తే నాలుగు వారాల తర్వాత, పన్నెండు వారాల తర్వాత ఎంతమంది వాడుతున్నారు? దారం తెగిన చప్పుడు వినపడదని తీసేస్తున్నారా, చెమటకు దురద పెడుతోందనా?

తొలి పేరా చాలామంది "ప్రపంచవ్యాప్తంగా వినికిడి లోపం పెద్ద సమస్య" అంటూ మొదలుపెడతారు. సమీక్షకుడు ఆ రోజు చదివే ప్రతి దరఖాస్తూ అలాగే మొదలవుతుంది. దాని బదులు ఇలా మొదలుపెట్టి చూడండి: "తంగళ్ళపల్లి మండలంలోని మరమగ్గాల కార్మికులు రోజుకు 12 గంటలు చప్పుడులో ఉంటారు. వాళ్ల వినికిడిని సరిగ్గా కొలవాలంటే కావాల్సిన 14 గంటల విరామం వాళ్ల షిఫ్టుల్లో దొరకదు. ఈ అడ్డంకిని దాటే రెండు పద్ధతులను 60 మందితో పరీక్షిస్తాం." ఈ మూడు వాక్యాల్లో ఎవరు, ఎక్కడ, ఏం అడ్డం, ఏం చేస్తారు అన్నీ వచ్చేశాయి.

ఆ 60 ఎక్కడిదని అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉండాలి. పైలట్‌లో సంఖ్యను తేడా పట్టుకునే శక్తితో సమర్థించకూడదు, అంచనా ఎంత కచ్చితంగా వస్తుందన్న దానితో సమర్థించాలి. 60 మందిని పిలిస్తే 70 శాతం వచ్చారనుకోండి, అసలు రేటు సుమారు 58 నుంచి 82 శాతం మధ్య ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. పెద్ద అధ్యయనానికి వెళ్లాలా వద్దా అని నిర్ణయించడానికి అది చాలు. ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారో కూడా ముందే రాసిపెట్టండి. 70 శాతానికి పైగా వస్తే ముందుకు, 50కి 70కి మధ్య ఉంటే పద్ధతి మార్చి, 50 కంటే తగ్గితే ఆపేస్తాం అని. ఆపేస్తామని రాయడానికి కొత్తవాళ్లు జంకుతారు. సమీక్షకుడికి మాత్రం ఆ వాక్యంతోనే మీ మీద గురి కుదురుతుంది.

బడ్జెట్‌లో కొత్తవాళ్లు పరికరాలకు ఎక్కువ, మనుషులకు తక్కువ రాస్తారు. ఇది తిరగబడాలి. ఆడియోమీటర్ ఈఎన్‌టీ విభాగంలో ఉంటే కొత్తది అడగొద్దు, వాడుకోవడానికి హెచ్‌ఓడీ సమ్మతి పత్రం జతచేయండి. అడగాల్సింది షెడ్డు షెడ్డుకూ తిరిగి మనుషుల్ని ఒప్పించే ఫీల్డ్ వర్కర్ జీతం. ఐసీఎంఆర్ ప్రాజెక్టు సిబ్బందికి హోదాల వారీగా జీతాలు ఖరారు చేసి ప్రకటిస్తుంది, ఆ పట్టికలోని అంకెనే వేయండి. కార్మికుల ప్రయాణ ఖర్చు, పోయిన కూలి వేరే పద్దుగా చూపించండి. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు దీన్ని అనుమతిస్తాయి. అయితే ఆశపెట్టి రప్పించినట్టు ఉండకూడదు, పోయిన కూలికి సమానంగా ఉంటే చాలు. సిరిసిల్లలో ఆ రెండు గంటల కూలి ఎంతో ఆసామినీ, కార్మికుణ్నీ ఇద్దరినీ అడిగి రాయండి. ఇద్దరూ చెప్పేది ఒకటే కాకపోవచ్చు.

ఎథిక్స్ కమిటీ సంగతి దరఖాస్తు రాయడానికి ముందే చూసుకోవాలి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం బయోమెడికల్ పరిశోధనను పరిశీలించే ఎథిక్స్ కమిటీలు డీహెచ్‌ఆర్ దగ్గర నమోదై ఉండాలి. కాలేజీ కొత్తదైతే కమిటీ నమోదైందో లేదో మొదట ప్రిన్సిపాల్ ఆఫీసులో కనుక్కోండి. కాకపోతే మీ ప్రాజెక్టుకు ముందు పని అదే, దానికి నెలలు పడతాయి. ప్లగ్గులిచ్చి ఫలితం చూస్తే అది ట్రయల్ కిందికే వస్తుంది, కాబట్టి దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు కావాలన్నది నియమం. మొదలుపెట్టాక గుర్తొస్తే దారి లేదు.

సమ్మతి పత్రం మీద ఎక్కువ సేపు కూర్చోండి. షెడ్డులో పనిచేసే మనిషికి భయం సూదులంటేనో మిషన్లంటేనో కాదు. చెవుడు ఉందని తేలితే పనిలోంచి తీసేస్తారేమోనని. సేటుకు కూడా భయమే, మీ కాగితాలు కార్మిక శాఖ దాకా పోతాయేమోనని. అందుకని కార్మికుడికిచ్చే పత్రంలో ఇలాంటి మాటలు ఉండాలి: "మీ చెవి పరీక్షల ఏమచ్చిందో మీ సేటుకు మేం చెప్పం. నడుమల వద్దనిపిస్తే ఎప్పుడైనా మానేయొచ్చు, దవాఖానల మీ వైద్యానికి ఏం తిప్పలుండది." ఈ మాట ఇచ్చే ముందు ఒకటి తేల్చుకోవాలి. చప్పుడు వల్ల వచ్చే చెవుడు మన కార్మిక చట్టాల్లో తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, పరిహారం వచ్చే జబ్బుల జాబితాలోనూ ఉంది. మీరు వెళ్లే షెడ్లు ఆ చట్టాల కిందికి వస్తాయా, వస్తే డాక్టర్‌గా మీ బాధ్యత ఏమిటి అన్నది ఎథిక్స్ కమిటీని ముందే అడిగి, వాళ్ల జవాబును ప్రోటోకాల్‌లో రాయండి. నెరవేర్చలేని మాట పత్రంలో ఉండకూడదు. రాసిన పత్రాన్ని కండెలు చుట్టే ఒక అమ్మకు చదివి వినిపించి, ఏమర్థమైందో ఆమెనే చెప్పమనండి. ఆగిన చోటల్లా మార్చండి.

జట్టు విషయం. ఐసీఎంఆర్‌కు ప్రధాన పరిశోధకుడు రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. కాంట్రాక్టు వైద్యాధికారులు, సీనియర్ రెసిడెంట్లు సహపరిశోధకులుగా చేరొచ్చు. ప్రభుత్వ ఉద్యోగంలో బదిలీ ఎప్పుడైనా రావచ్చు, కాబట్టి అదే కాలేజీలో పని అందుకోగల ఇంకొకరి పేరు మొదటి రోజే చేర్చండి. అనుభవం కోసం పాత సంస్థల్లోంచి ఒకరిని అడగండి. వృత్తి వ్యాధుల మీద ఐసీఎంఆర్‌కే అహ్మదాబాద్‌లో ఒక జాతీయ సంస్థ ఉంది, చప్పుడు కొలిచే పద్ధతులు వాళ్లకు కొట్టిన పిండి. "ఇది మా ఊరి ప్రశ్న, కొలత దగ్గర మీ సాయం కావాలి" అని ఒక పేజీ కాన్సెప్ట్ నోటు జతచేసి మెయిల్ పెట్టండి. పెద్ద పేరును ముందు పెట్టి మీరు వెనక్కి జరగకండి. ఈ పని ప్రధాన పరిశోధకుడిగా మీ సర్వీసు రికార్డులో పడాలి, పదోన్నతుల్లో అక్కరకొచ్చేదీ అదే.

చిన్న విచారణ అని తక్కువ చేసుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒకే గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి విచారణగా పుట్టింది. ఐసీఎంఆర్‌కు పూర్వరూపమైన ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ దాన్ని పోషించింది. ఒక జబ్బు, ఒక ప్రశ్న, ఒక గది. 1958లో హైదరాబాద్ వచ్చేనాటికి అది దేశం మొత్తం తిండిని చదివే సంస్థ అయింది.

చెవులు మీ రంగం కాకపోవచ్చు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు రోజంతా ఒళ్లో శాట పెట్టుకుని తంబాకుతో గడుపుతారు, చర్మంలోంచి నికోటిన్ లోపలికి పోతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు కూడా ఆ పని ఆగదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవాళ్ల కిడ్నీలు ఇంకో పెద్ద ప్రశ్న. రెంటిలోనూ ఇలాంటి అడ్డంకి ఏదో ఒకటి ఉంటుంది, అది మీ ఓపీలోనే తగులుతుంది.

మొదటిసారి తిరస్కరించడం మామూలే. సమీక్షకుల వ్యాఖ్యలు పంపితే ఒక్కో వ్యాఖ్యనూ కాగితం మీద రాసుకుని, పక్కనే ఏం మార్చారో, మార్చకపోతే ఎందుకో రాయండి. మళ్లీ పెట్టేటప్పుడు ఆ పట్టిక చేతిలో ఉంటే సగం పని అయినట్టే. గ్రాంటు మంజూరైతే డబ్బు మీ ఖాతాకు రాదు, కాలేజీ ఖాతాకు వాయిదాల్లో వస్తుంది. వినియోగ ధ్రువపత్రం వెళ్లాకే రెండో వాయిదా. కాబట్టి అకౌంట్స్ సెక్షన్లో ఎవరు ఈ పద్దు చూస్తారో దరఖాస్తు దశలోనే కలవండి, మార్చి 31 లోపు ఖర్చు ఎలా చూపాలో అడగండి. ఫీల్డ్ వర్కర్‌కు జీతం రెండు నెలలు ఆగితే ఆమె మానేస్తుంది, ఆమెతో పాటే షెడ్లలో మీరు సంపాదించుకున్న నమ్మకం కూడా పోతుంది.

బడ్జెట్‌లో ఒక చిన్న పద్దు మాత్రం మరిచిపోకండి. పరీక్షకు వచ్చిన ప్రతి కార్మికుడికీ తన ఆడియోగ్రామ్, దాని అర్థం తెలుగులో నాలుగు వాక్యాలతో రాసిన కాగితం, చెవుడు ఎక్కువున్నవాళ్లకు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి రాసిచ్చే చీటీ. అచ్చు ఖర్చు, సెలవు రోజు ఒక పూట అందర్నీ కూర్చోబెట్టి ఫలితాలు చెప్పే సమావేశం ఖర్చు, చాయ్‌తో సహా, మొదటి దరఖాస్తులోనే రాయండి. తర్వాత చూద్దామంటే గ్రాంటు గడువు ముగిసే నెలలో దానికి డబ్బు మిగలదు.